కట్టడి – కట్టుబాటు



2020 మార్చి మొదలుకొని రెండేళ్లపాటు మన పత్రికలలోనూ, టీవీ తెర అడుగున పరుగెత్తే వార్తలలోనూ నిత్యమూ కనబడిన ఒక మాట నన్ను నేటికీ బాధిస్తూనే ఉన్నది. అది "కరోనా అనుమానితుడు". జ్వరం వచ్చి పరీక్ష చేయించుకొని ఫలితం కోసం ఎదురుచూసే మనిషికి మనం పెట్టిన పేరది. అతడు భయపడి ఆసుపత్రి నుండి ఇంటికి వెళితే "పరారీ" అన్నాం. వెదకి తీసుకొనివస్తే "పట్టుబడ్డాడు" అన్నాం. ఎవరెవరిని కలిశాడో చెప్పలేకపోతే "నోరు విప్పడం లేదు" అన్నాం. దొంగను గూర్చి వ్రాసే భాష అంతా తెచ్చి రోగి మీద కప్పాము.

విచిత్రమేమంటే ఆ మాట పుట్టుకలో దోషమేమీ లేదు. తర్కసంగ్రహం ఒక్క పర్యాయమైనా చదివినవారికి అనుమానం అంటే ఏమిటో తెలుసు. కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పున్నదని నిశ్చయించడం అనుమానం. అది ఒక ప్రమాణం, జ్ఞానసాధనం. ఆ లెక్కన అనుమానితుడంటే లక్షణాలను బట్టి ఊహింపబడినవాడు అని మాత్రమే అర్థం కావాలి. వైద్యశాస్త్రానికి కావలసిన అర్థం కూడా సరిగ్గా అదే. కానీ తెలుగులోకి వచ్చేసరికి అనుమానం సందేహమైంది, సందేహం శంకగా ముదిరింది, చివరకు అది ఠాణా గడప తొక్కింది. ఈనాడు ఆ మాట వినగానే ఎవరికీ కొండా పొగా గుర్తుకు రావు, లాఠీ గుర్తుకు వస్తుంది.

ఇది ఒక్క తెలుగువారి సమస్య కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, రెడ్‌క్రాస్ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య కలిసి 2020 ఫిబ్రవరిలోనే ఒక చిన్న మార్గదర్శిని విడుదల చేశాయి. రోగులను సస్పెక్టులని పిలువవద్దు, వారు ఇతరులకు వ్యాధిని "అంటిస్తున్నారు" అని వ్రాయవద్దు, అట్లా వ్రాస్తే నేరమంతా వారిదే అన్నట్లు ధ్వనిస్తుంది అని అందులో స్పష్టంగా చెప్పారు. మన దేశంలో మహమ్మారి ఉద్ధృతం కాకముందే వచ్చిన హితవు అది. మన వార్తాగదులలో ఎందరు చదివారో గాని, చదివిన జాడ మాత్రం భాషలో కనబడలేదు.

"పంతులుగారూ, వైరస్‌కు తెలుగు వచ్చునా? మాట మారిస్తే రోగం తగ్గునా?" అని మీలో కొందరు నవ్వవచ్చు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడానికే ఈ టపా.

ఒక ప్రాంతంలో వ్యాధి కొత్తగా తలయెత్తినప్పుడు దానిని అక్కడికక్కడే ఆపడం ఎట్లాగో చూడండి. మన దేశంలో టీకాలు వేయడం మొదలైనది 2021 జనవరి 16న. అంతకు ముందు పది నెలలు వైద్యుల చేతిలో నివారణకు ఏ మందూ లేదు. ఉన్నది ఒకటే ఉపాయం. సోకినవారిని త్వరగా కనుగొనడం, వారు ఎవరెవరిని కలిశారో అడిగి తెలుసుకొనడం, కలిసినవారిని కొన్నాళ్లు వేరుగా ఉంచడం. తొలిరకం వైరస్ సోకినవారిలో లక్షణాలు బయటపడడానికి సాధారణంగా ఐదారు రోజులు, కొందరిలో పదునాలుగు రోజుల వరకు పట్టేది. అయితే లక్షణాలు పొడచూపడానికి ఒకటి రెండు రోజుల ముందు నుండే మనిషి ఇతరులకు అంటించగలడు. అంటే అధికారులకు చిక్కే వ్యవధి బహుస్వల్పం. ఈ రోజు అడిగిన ప్రశ్నకు ఈ రోజే నిజం రావాలి. మూడు రోజుల తరువాత వచ్చిన నిజం పాఠం ముగిశాక తరగతికి వచ్చిన పిల్లవాడి వంటిది.

ఆ నిజం ఎవరి నోటి నుండి రావాలి? మనం "అనుమానితుడు" అన్న ఆ మనిషి నోటి నుండే కదా!

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 2020 మే నెలలో జరిగినది నేను పలుమార్లు తలచుకొంటాను. తొలి విజృంభణను చక్కగా అణచి, ఆంక్షలు సడలించిన రోజులవి. ఇతేవాన్ అనే పేటలోని నైట్‌క్లబ్బులలో వైరస్ మళ్లీ తలయెత్తింది. ఆ క్లబ్బులలో కొన్ని స్వలింగప్రియులు వచ్చేవి. అక్కడి పత్రికలు కొన్ని ఆ సంగతినే పట్టుకొని రచ్చ చేశాయి. ఇంకేమున్నది? క్లబ్బుల పుస్తకాలలో పేర్లు వ్రాసిన సుమారు 5,500 మందిలో సగానికి పైగా ఫోనుకు దొరకలేదు. తప్పుడు నంబర్లు ఇచ్చినవారు కొందరు, ఫోను ఎత్తనివారు కొందరు. పరీక్షకు పోతే ఉద్యోగం పోతుందనో, ఇంట్లో తెలుస్తుందనో భయం. అప్పుడు సియోల్ నగర పాలకులు చేసిన పని చూడండి. పేరు చెప్పనక్కరలేదు, ఫోను నంబరు చెబితే చాలు, వచ్చి పరీక్ష చేయించుకొండి అని ప్రకటించారు. మొబైల్ టవర్ల లెక్కలు తీసి ఆ పేటకు వెళ్లినవారికి సందేశాలు పంపడమూ చేశారు, అది వేరే చర్చ. పేరు అడగమన్న మాటతో పరీక్షలకు వచ్చేవారి సంఖ్య కొద్దిరోజులలోనే ఎన్నో రెట్లు పెరిగింది. ఆ గుచ్ఛం మొత్తం మీద మూడువందల లోపు కేసులతో ముగిసింది.

అదే గుచ్ఛంలో మరొక కథ ఉన్నది. ఉపాధ్యాయుణ్ణి కనుక నాకు అది మరింత దగ్గరగా తగిలింది. ఇంచియాన్ నగరానికి చెందిన ఒక యువకుడు ఆ క్లబ్బులకు వెళ్లి వ్యాధి తెచ్చుకొన్నాడు. అతడు ఒక ట్యుటోరియల్‌లో పాఠాలు చెప్పేవాడు. అధికారులు అడిగినప్పుడు తనకు ఉద్యోగం లేదని అబద్ధమాడాడు. పోలీసులు అతడి సంచారం లెక్క తీసి నిజం కనుగొనేసరికి కొన్ని రోజులు గడచిపోయాయి. ఆలోగా వ్యాధి అతడి విద్యార్థులకు, వారి నుండి ఇతరులకు, అట్లా ఏడవ తరం దాకా ప్రాకింది. 2020 అక్టోబరులో న్యాయస్థానం అతడికి ఆరు నెలల కారాగారశిక్ష విధించింది. అతడు చేసినది తప్పే, సందేహం లేదు. నేను అడిగేది వేరు. తానెక్కడికి వెళ్లాడో తెలిస్తే సమాజం తననేమంటుందోనన్న భయం లేకపోతే అతడు ఆ అబద్ధం ఆడేవాడా? ఆ భయాన్ని పెంచినవారికి ఏ న్యాయస్థానమూ శిక్ష వేయలేదు.

ఇక్కడ రెండు తెలుగు మాటల గూర్చి చెప్పాలి. కంటైన్‌మెంట్ అన్న ఇంగ్లీషు మాటకు మన పత్రికలు "కట్టడి" అన్న మాటను స్థిరపరచాయి. మంచి మాటే. కట్టు అన్న ధాతువు నుండి వచ్చింది. పూర్వం "కట్టడ" అంటే శాసనం, విధి. తెలుగు బైబిలులో దైవవిధులకు "కట్టడలు" అనే వాడారు. అదే ధాతువు నుండి వచ్చిన మరొక మాట "కట్టుబాటు". రెండింటిలోనూ కట్టు ఉన్నది గాని కట్టేవాడు వేరు. కట్టడి పైవాడు క్రిందివాడిని కట్టేది. కట్టుబాటు పదిమందీ కూర్చుని తమను తాము కట్టుకొనేది. ఊరి కట్టుబాటు అంటాం, కులకట్టుబాటు అంటాం (ఆ రెండవదానిలోని క్రౌర్యం నాకు తెలియనిది కాదు). అంటువ్యాధి కొత్తగా తలయెత్తిన చోట దానిని అణచడానికి కట్టడి అవసరమే. అయితే ఆ కట్టడి కొన్ని గంటలలోనో కొన్ని రోజులలోనో కట్టుబాటుగా మారకపోతే అది నిలువదని నా అభిప్రాయం.

మెల్‌బోర్న్ ఇందుకు తగిన ఉదాహరణ. 2020 జూలై 4, శనివారం సాయంత్రం. విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం నగరంలోని తొమ్మిది ప్రభుత్వ గృహసముదాయాలను ఆ క్షణం నుండే మూసివేస్తున్నట్లు ప్రకటించింది. ఆకాశాన్నంటే ఆ భవనాలలో సుమారు మూడువేల మంది నివాసులు. ఎక్కువమంది ఆఫ్రికా, ఆసియా దేశాల నుండి వలస వచ్చిన పేదలు, కొందరు యుద్ధాల నుండి పారిపోయి వచ్చినవారు. పాలు తెచ్చుకొందామని క్రిందికి దిగినవారికి గుమ్మంలో పోలీసులు కనబడ్డారు. ఎందుకో వారి భాషలో చెప్పేవారు లేరు. ఆహారం, మందులు సమయానికి అందలేదు. ఎనిమిది భవనాలను ఐదు రోజులకు వదలిపెట్టారు. ఆల్‌ఫ్రెడ్ వీధి 33వ నంబరు భవనాన్ని మాత్రం పదునాలుగు రోజులు మూసి ఉంచారు.

ఆ ఏడాది డిసెంబరులో ఆ రాష్ట్ర అంబుడ్స్‌మన్ డెబొరా గ్లాస్ గారు విచారణ నివేదిక ఇచ్చారు. ఆ భవనాన్ని తాత్కాలికంగా మూయడం ఆరోగ్యరీత్యా సమంజసం కావచ్చునని ఆమె అంగీకరించారు. కానీ చెప్పాపెట్టకుండా ఆ క్షణాన మూయడం మానవహక్కుల ఉల్లంఘన అన్నారు. ఆరోగ్యాధికారులు మరుసటి రోజు నుండి అమలు చేయవచ్చునని, ఈలోగా తిండీ మందులూ సమకూర్చుకోవచ్చునని అనుకొన్నారట. ఆ ఒక్క రోజు వారికి దక్కలేదు. నివాసులకు క్షమాపణ చెప్పుమని ఆమె సూచించారు, ప్రభుత్వం చెప్పలేదు. రోగాన్ని కట్టడి చేయడంలో తప్పు లేదు. తలుపు మూసేముందు తలుపు తట్టకపోవడంలో ఉన్నది తప్పు.

మనకు ఈ పాఠం కొత్తది కాదు. 1896లో బొంబాయికి ప్లేగు వచ్చింది (అది వైరస్ కాదు, బాక్టీరియా, కట్టడి పద్ధతి మాత్రం అదే). 1897 ఫిబ్రవరిలో ఆంగ్లప్రభుత్వం అంటువ్యాధుల చట్టం చేసింది. పూనాలో ర్యాండ్ అనే అధికారి సైనికులను ఇళ్లలోకి పంపి, వంటిళ్లు, పూజగదులు అని చూడకుండా సోదా చేయించాడు. జనం రోగులను దాచారు, శవాలను సైతం దాచారు. జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు ర్యాండ్‌ను కాల్చారు. తర్వాతి సంగతులు చరిత్ర పుస్తకాలలో ఉన్నవే. 2020లో మన రాష్ట్రాలెన్నో దుమ్ము దులిపి పైకి తీసినది ఆ 1897 చట్టాన్నే.

భాష సంగతికి మళ్లీ వస్తాను. అంటువ్యాధి అన్న మాటలో "అంటు" ఉన్నది. ఈ అంటు తెలుగులో బహురూపి. అంటుమామిడిలో అది అతుకు. అంట్లు తోమేచోట అది ఎంగిలి. అంటరానితనంలో అది మన జాతి చేసిన మహాపాపం. రోగం అంటడానికీ మనిషిని అంటకపోవడానికీ మన భాషలో ఒకటే క్రియ. ఇటువంటి భాష మాట్లాడే సమాజానికి 2020లో "సామాజిక దూరం" అన్న మాటను తెచ్చి ఇచ్చాము. సోషల్ డిస్టెన్సింగ్‌కు మక్కికి మక్కి అనువాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం ఆ మార్చిలోనే భౌతిక దూరం అన్న మాటే మేలని చెప్పింది. మనుషుల నడుమ రెండు గజాల నేల ఉండాలి, మనసుల నడుమ కాదు అని దాని భావం. సామాజిక దూరం మనకు వేల ఏళ్లుగా ఉన్నదే, దానిని కొత్తగా నేర్పనక్కరలేదు! తర్వాత్తర్వాత "భౌతిక దూరం" కొంత వాడుకలోకి వచ్చింది గాని, అప్పటికే మొదటి మాట గోడలకు ఎక్కేసింది.

నా చిన్నతనంలో ఊళ్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే ఆ ఇంటివారే గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఆ ఇంట తాలింపు వేయరు, బంధువులు రారు, బయటివారు గడప దాటరు. లోపల ఉన్నది రోగి కాదు, అమ్మ. కనుక ఎవరూ ఈసడించరు. ఆ నమ్మకాన్ని నేను సమర్థించబోవడం లేదు. ఆ నమ్మకం వల్లనే టీకా వద్దన్న ఇళ్లూ ఉన్నాయి, ముఖాన మచ్చలతో, పోయిన చూపుతో మిగిలినవారూ ఉన్నారు. మశూచిని తరిమింది వేపమండ కాదు, టీకా. నేను చెప్పేది ఆ వేపమండను కట్టిన చేతి గూర్చి. అది ఇంటివారి చేయి. 2020లో మన ఇళ్ల తలుపులకు అంటించిన ఎర్రకాగితం మరొకరి చేయి. వేపమండ "మమ్మల్ని చూసి జాగ్రత్తపడండి" అన్నది. ఎర్రకాగితం "వీళ్లను చూసి జాగ్రత్తపడండి" అన్నది. 2020 డిసెంబరు 9న సుప్రీంకోర్టు, అధీకృత అధికారి విపత్తు నిర్వహణ చట్టం క్రింద ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప రోగుల ఇళ్లకు అట్టి కాగితాలు అంటించరాదని చెప్పింది. అప్పటికి అంటించవలసినవన్నీ అంటించడం అయిపోయింది.

మా వీధిలో ఒక దర్జీ ఉన్నాడు. నా శిష్యుడే, ఛందస్సు రాలేదు గాని చేతిలో పని ఉన్నవాడు. 2020 ఆగస్టులో అతడికి పాజిటివ్ వచ్చింది. రెండు వారాలలో కోలుకొన్నాడు. తలుపు మీది కాగితం చిరిగిపోయింది కానీ వీధి మనసులోది చిరగలేదు. దసరా, దీపావళి వెళ్లాయి, అతడి కొట్టుకు గుడ్డ తెచ్చినవారు లేరు. "వాడు కుట్టిన చొక్కాలో ఏముంటుందో" అన్న మాట నేనే చెవులారా విన్నాను. 2021 ఏప్రిల్‌లో మళ్లీ జ్వరం వచ్చింది. ఈసారి టైఫాయిడ్ అని చెప్పుకొన్నాడు. మందులకొట్టులో అడిగి తెచ్చుకొన్న మాత్రలు మింగుతూ పదిరోజులు కొట్టు తెరిచే ఉంచాడు. అతడి తల్లి మే మొదటివారంలో పోయింది. పరీక్ష చేయలేదు కనుక ఆమె ఏ లెక్కలోనూ లేదు. ఆ తర్వాత ఒకనాడు అతడు నాతో, "మాస్టారూ, మొదటిసారి నిజం చెప్పి కొట్టు పోగొట్టుకొన్నాను, రెండవసారి అబద్ధం చెప్పి అమ్మను పోగొట్టుకొన్నాను" అన్నాడు. నా వద్ద సమాధానం లేకపోయింది. ఆ రోజులలో తెలుగునాట ఎన్ని ఇళ్లలో ఎన్ని "టైఫాయిడ్లు" వచ్చాయో మీకూ తెలుసు.

భయం ఎంతదాకా పోయిందంటే, 2020 ఏప్రిల్‌లో చెన్నైలో కోవిడ్‌తో మరణించిన ఒక వైద్యుని ఖననం చేయడానికి తీసుకొనిపోతున్న అంబులెన్సు మీద జనం రాళ్లు రువ్వారు. మన పల్లెలలో పొలిమేరలకు ముళ్లకంపలు అడ్డువేశారు, చెట్లు నరికి దారికి అడ్డంగా పడవేశారు. దీనిని కూడా కట్టుబాటే అందామా అని మీరు అడుగవచ్చు. పదిమంది కలిసి చేసుకొన్నదే కదా! కానీ నేను కాదంటాను. పట్నం నుండి కాలినడకన వచ్చే సొంత ఊరి కూలీని, బిడ్డతల్లిని కంపకు అవతల నిలబెట్టినది కట్టుబాటు కాదు, బహిష్కారం. ఊరి బడి తలుపు తెరిచి అక్కడ పదునాలుగు రోజులు ఉంచి, పొద్దున గంజీ రాత్రి అన్నమూ పంపిన ఊళ్లు ఉన్నాయి. కట్టుబాటన్న పేరు వాటికి చెల్లుతుంది.

ధారావిలో జరిగిన మంచిని ఇక్కడ చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ముంబయి నడిబొడ్డున రెండున్నర చదరపు కిలోమీటర్ల లోపు స్థలంలో ఎనిమిది పది లక్షల మంది. ఒక్కొక్క గదిలో ఎనిమిదేసి మంది, ఎక్కువమందికి వీధి మరుగుదొడ్లే గతి. 2020 ఏప్రిల్ 1న అక్కడ మొదటి కేసు వచ్చినప్పుడు ఇక ముంబయి మిగలదని అందరూ అనుకొన్నారు. దూరం పాటించడానికి అక్కడ దూరమన్నదే లేదు. నగరపాలకులు రోగం వచ్చినవారు తమ వద్దకు వచ్చేదాకా ఆగక తామే వెదకుతూ వెళ్లారు. ఆ వాడలోనే వైద్యం చేసుకొనే స్థానిక ప్రైవేటు వైద్యులను కలుపుకొన్నారు. ఇది చిన్న విషయం కాదు. ముక్కుమొగం తెలియనివాడు నఖశిఖపర్యంతం ముసుగు తొడుక్కొని వస్తే తలుపు వేసుకొనే మనిషి, ఇరవై ఏళ్లుగా తన పిల్లల దగ్గుకు మందిచ్చిన డాక్టరు వస్తే తలుపు తీస్తాడు. బడులను, పెళ్లిమంటపాలను, క్రీడాప్రాంగణాన్ని వసతిగా మార్చి మూడుపూటలా తిండి పెట్టారు. రంజాన్ మాసంలో ఉపవాసమున్నవారికి వారి వేళలకు తగినట్లు ఆహారం అందించారు. అక్కడికి వెళితే తిండి దొరుకుతుంది, వైద్యం దొరుకుతుంది అన్నప్పుడు జనం దాగుకొనవలసిన పని తగ్గింది. జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్ టెడ్రోస్ గారు ధారావి పేరెత్తి మెచ్చుకొన్నారు.

అతిశయోక్తి మాత్రం వద్దు. అదే జూలైలో ముంబయిలోని మూడు వార్డులలో రక్తపరీక్షలు జరిపితే మురికివాడల జనంలో 57 శాతానికి అప్పటికే వైరస్ సోకిపోయినట్లు తేలింది. ఆ మూడింటిలో ధారావి లేదు గాని, అక్కడ కూడా లెక్కకందని వ్యాప్తి చాలానే జరిగి ఉంటుందని ఊహించడానికి తర్కశాస్త్రం అక్కరలేదు. కట్టడి సగం, తెలియకనే సోకి తగ్గినది సగం కావచ్చు. 2021 వేసవిలో డెల్టా రకం ఊరూవాడా ఏకం చేసినప్పుడు ఎవరు ఎవరిని కలిశారో వెదికే పద్ధతే చేతులెత్తేసింది. నిప్పురవ్వను ఆర్పే పద్ధతి వేరు, అడవి తగలబడుతుంటే చేయవలసినది వేరు. నేను చెప్పేదంతా నిప్పురవ్వ దశకే వర్తిస్తుంది.

చట్టం వద్దని కూడా నేను అనడం లేదు. వ్యాధి ఉన్నదని తెలిసీ పెళ్లివిందులో కూర్చునేవాడికి బ్రతిమాలితే చాలదు, దండన కావాలి. ముప్పై ఏళ్లు తరగతిగదిలో గడిపినవాడికి బెత్తం విలువ తెలియక కాదు. అయితే బెత్తం చూపి పిల్లవాడిని బల్లపై నిలబెట్టవచ్చు గాని, వాడిచేత నిజం చెప్పించడం కష్టమని కూడా ఆ ముప్పై ఏళ్లే నేర్పాయి.

అందుచేత పత్రికలలో, ప్రభుత్వ ప్రకటనలలో తెలుగు వ్రాసే మిత్రులు మీలో ఉంటే వారికి ఒక విన్నపం. మరొక మహమ్మారి రాకముందే, తీరిక ఉన్న ఈ రోజులలోనే, మాటలు సిద్ధం చేసుకొందాము. "సామాజిక దూరం" తీసివేసి "ఎడం" అందాము, రెండక్షరాలలో పని అవుతుంది. "పరారీ" అన్నది జైళ్లకు వదలివేద్దాము. "ఫలానా వాడి వల్ల ఇంతమందికి సోకింది" అనక "ఇంతమందికి సోకింది" అని ఊరుకొందాము. "అనుమానితుడు" అన్నదానికి మాత్రం నాకు ఇంకా తృప్తికరమైన మాట దొరకలేదు. పరీక్ష ఫలితం కోసం ఎదురుచూసేవాడు కనుక "పరీక్షార్థి" అందామా అనుకొన్నాను. మా బడిలో ఆ మాట విని చెమటలు పట్టినవారు ఉన్నారు గాని, పోలీసులు వస్తారని పారిపోయినవారు ఎవరూ లేరు. ఇంతకన్న మంచి మాట తోచినవారు చెప్పండి.